చంద్రమతికి వన్స్‌మోర్

కట్టుకున్న భార్యని కాశీ నడివీధిలో నిలబెట్టి అమ్మినవాడిని సత్యహరిశ్చంద్రుడన్నాం. అమ్ముడుపోయిన చంద్రమతిని మహాపతివ్రత అన్నాం. ఆ చంద్రమతి వేషం కట్టి, తన గొంతునీ తన విద్యనీ తానే అమ్ముకుని ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన స్త్రీని మాత్రం ‘నాటకాలది’ అన్నాం. ఈ మూడు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న లేస్తుంది. మరొకరు అమ్మితే అమ్ముడుపోవడం గౌరవం ఎలా అయింది? తన శ్రమని తాను అమ్ముకోవడం అగౌరవం ఎలా అయింది?

పద్యనాటకంలో స్త్రీ పాత్రల మీద పిహెచ్‌డి చేస్తున్న రోజుల్లో ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. సాహిత్య విద్యార్థిగా నాకు నేర్పింది పాత్రను చదవడం. బలిజేపల్లి లక్ష్మీకాంతం చంద్రమతిని ఎలా మలిచారు, కాటి సీనులో జాషువా పద్యాలు వచ్చి చేరాక ఆ రంగం ఎలా మారింది, ఇవీ మేం చర్చించుకునే విషయాలు. ఆ పద్యాన్ని రాత్రి మూడింటికి, వేల మంది ముందు, పై షడ్జమం అందుకుని పాడిన మనిషి ఎవరు, ఆమెకి ఎంత ఇచ్చారు, తెల్లారాక ఆమె ఏ బస్సెక్కి ఎక్కడికి వెళ్ళింది అనేది సాహిత్య ప్రశ్న కాదనుకున్నారు. నాకు మాత్రం నాటకంలోని నైతిక సమస్యకి తాళంచెవి అక్కడే ఉందనిపించింది.

ముందు ఆ గొంతు వేదిక మీదకి ఎలా వచ్చిందో చూడాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి వారిది కుటుంబ సమాజం. అక్కడ తల్లులూ కూతుళ్ళూ కోడళ్ళూ వేషాలు కట్టారు. మిగతా సమాజాల్లో చాలాకాలం ఆడవేషం మగవాళ్ళదే. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు (1902-1971) సత్యభామగా, మధురవాణిగా, చింతామణిగా తెలుగుదేశాన్ని ఊపేశాడు. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక మగవాడు ఆడదాని నడక నడిచి, ఆడదాని గొంతుతో పాడితే అది కళ. ఒక ఆడది తన నడక తాను నడిచి, తన గొంతుతో తాను పాడితే అది బరితెగింపు. ఈ లెక్క ఎవరు కట్టారు?

ఇది మన ఒక్కరి లెక్క కాదు. యూరప్‌లో సంగీతనాటకాన్ని ఒపెరా అంటారు. మన పద్యనాటకానికి ప్రపంచంలో చుట్టాన్ని వెతికితే దగ్గరగా కనిపించేది అదే. మాటకంటే పాటదే అందులో పెద్దపీట. స్త్రీ గొంతుల్లో అన్నిటికంటే పై స్థాయిలో పలికేదాన్ని సొప్రానో అంటారు. పోపు పాలనలో ఉన్న రోమ్‌లో 16వ శతాబ్దం చివర్లో స్త్రీలు రంగస్థలం ఎక్కకూడదన్నారు. అయినా ఆ పై స్థాయి గొంతు మాత్రం కావలసివచ్చింది. అందుకోసం యుక్తవయసు రాని మగపిల్లల వృషణాలు తొలగించి, గొంతు ముదరకుండా ఆపి, వాళ్ళచేత స్త్రీ పాత్రలు పాడించారు. 18వ శతాబ్దం పొడవునా అక్కడ ఇది సాగింది. స్త్రీ నోరు విప్పడం కంటే ఒక పసివాడి శరీరాన్ని కొయ్యడం తక్కువ పాపమని ధర్మకర్తలకి తోచిందన్నమాట. మన దగ్గర కత్తి లేదు. అంతే తేడా.

మన దగ్గర సంస్కర్తల మాట కూడా గుర్తుచేసుకోవాలి. బళ్ళారి రాఘవ (1880-1946) స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని గట్టిగా నిలబడ్డాడు. చదువుకున్న కుటుంబాల స్త్రీలు రంగస్థలం మీదకి రావాలని కోరాడు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటివారు ఆయనతో కలిసి నటించారు. అది ధైర్యమే. కానీ ‘కుటుంబ స్త్రీ’ అనే ఆ మాటలోనే ఒక గీత ఉంది. ఆ గీతకి అవతల తరతరాలుగా సంగీతమూ అభినయమూ చదువుకున్న కళావంతుల ఆడవాళ్ళున్నారు. 1890ల నుంచి సాగిన నాచ్ వ్యతిరేక ఉద్యమం, దాని కొనసాగింపుగా 1947లో వచ్చిన మద్రాసు దేవదాసీ చట్టం వాళ్ళ మీద జరిగే దోపిడీని ఆపడానికి పుట్టాయి. ఆపవలసిందే. అయితే దోపిడీ చేసిన జమీందార్ల, మోతుబరుల గౌరవానికి ఏ చట్టమూ అడ్డురాలేదు. ఆడవాళ్ళకి మాత్రం విద్యతో పాటు జీవిక కూడా పోయింది. మిగిలిన దారుల్లో నాటకం ఒకటి, సినిమా ఒకటి.

మా ఏలూరు నుంచి వెళ్ళిన గొంతు గురించి ఇప్పుడు చెప్పాలి. పసుపులేటి కన్నాంబ (1911-1964) ఏలూరులో పెరిగింది. పద్యం పాడడం, కంఠం నిలపడం రంగస్థలం మీదే నేర్చుకుంది. 1935లో ‘హరిశ్చంద్ర’ సినిమాలో చంద్రమతిగా మొదటిసారి తెర మీదకి వచ్చింది. మరుసటి ఏడు, 1936లో, తెలుగులో పోటాపోటీగా రెండు ద్రౌపది సినిమాలు వచ్చాయి. వాటిలో ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో ద్రౌపది ఆమే. 1942లో తనది కాని తమిళంలో ‘కణ్ణగి’ అయింది. 1947లో ‘పల్నాటి యుద్ధం’లో నాయకురాలు నాగమ్మ అయింది. భర్త కడారు నాగభూషణంతో కలిసి రాజరాజేశ్వరి ఫిల్మ్ కంపెనీ పెట్టి సినిమాలు తీసింది.

ఈ నాలుగు పాత్రల్నీ వరసలో పెట్టి చూడండి. చంద్రమతిని భర్త అమ్మితే ఆమె అడగదు. ద్రౌపదిని భర్త జూదంలో ఒడ్డితే ఆమె సభని అడుగుతుంది. ముందు తన్ను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఎక్కడిదని. ఇది శోకం కాదు, న్యాయశాస్త్ర ప్రశ్న. నిండు సభలో భీష్ముడికి కూడా సరైన జవాబు దొరకలేదు. కణ్ణగి అడగడంతో ఆగదు, అన్యాయంగా భర్తను చంపించిన రాజును నిలదీసి మధురను తగలబెడుతుంది. నాగమ్మ రాజ్యం నడిపింది, యుద్ధం నడిపింది. కన్నాంబ కావాలని ఈ వరస ఎంచుకుందని నేను అనడం లేదు. పాత్రలిచ్చింది నిర్మాతలు. కానీ చంద్రమతి ఏడుపుని నిలబెట్టిన ఊపిరే కణ్ణగి ఆరోపణనీ నిలబెట్టింది. ఏడవడానికి సాధన చేసిన గొంతుకి నిలదీయడం కొత్తగా నేర్పనక్కర్లేదు.

ఇక్కడ ఒపెరా గురించి ఇద్దరు స్త్రీల మధ్య సాగిన వాదం నాకు పనికొచ్చింది. 1979లో ఫ్రెంచి రచయిత్రి కాథరీన్ క్లెమెంట్ ఒక పుస్తకం రాసింది. ఒపెరాలో కథానాయికలు దాదాపుగా చచ్చిపోతారని, ఆ చావులు సంగీతం మత్తులో మనకి కనిపించకుండా పోతాయని ఆమె వాదన. వెర్డి ‘లా ట్రావియాటా’ (1853)లో వయొలెట్టా క్షయతో పోతుంది. పుచ్చీని ‘టోస్కా’ (1900)లో నాయిక స్వయంగా గాయని, ఆమె కోట మీద నుంచి దూకుతుంది. ‘మదామ్ బటర్‌ఫ్లై’ (1904)లో నాయిక కత్తితో పొడుచుకుంటుంది. ముగ్గురివీ సొప్రానో పాత్రలే. తర్వాత కారొలిన్ అబ్బాతె దీనికి ఎదురు వాదన చేసింది. కథ ఆమెని చంపుతున్న క్షణంలోనే గొంతు ఆ హాలంతా ఆక్రమిస్తుంది, వాద్యబృందం దానికి లోబడుతుంది, వింటున్నవాళ్ళకి ఆ క్షణాన పాటకత్తె తప్ప మరొకరు లేరు అంటుంది ఆమె. ఓడేది పాత్ర, గెలిచేది గొంతు.

వీళ్ళిద్దరిలో ఎవరు సరి? మన పద్యనాటకాన్ని ముందుపెట్టుకుంటే ఇద్దరి మాటా సగమే అనిపిస్తుంది. ఎందుకంటే మన దగ్గర వన్స్‌మోర్ ఉంది. ఒపెరాలోనూ ఉంది. ఇటలీలో దాన్ని బిస్ అంటారు. లోహితుడి శవాన్ని ఒళ్ళో పెట్టుకుని చంద్రమతి పద్యం ఎత్తుతుంది. రాగం పూర్తికాగానే జనంలోంచి “వన్స్‌మోర్” అని కేక. అంటే ఏమిటి? కొడుకు చచ్చిన తల్లిని ‘ఇంకోసారి ఏడువు’ అనడం. మామూలు జీవితంలో ఎవరైనా ఆ మాటంటే మనం చెంప పగలగొడతాం. నాటకంలో అది అత్యున్నత గౌరవం.

మన అలంకారశాస్త్రం దీనికి జవాబు చెప్పింది. దాన్ని సాధారణీకరణం అంటారు. కావ్యంలోని శోకం ఫలానా మనిషిది కాకుండా పోతుంది, దానికి సొంతదారు ఉండరు, కాబట్టే మనం అందులో ఆనందం పొందగలం. క్లాసులో నేను కూడా ఈ మాట చెబుతాను. ఇది నిజమే. కానీ ఇందులో ఒక మనిషి తప్పిపోయింది. శోకం సాధారణీకరణం చెందుతుంది. శ్రమ చెందదు. ఆ గొంతు ఒకరిది. రాత్రంతా మేలుకున్న ఒళ్ళు ఒకరిది. రెండోసారి ఎత్తిన పద్యానికి మండే గొంతునరాలు ఒకరివి.

ఇది నాకు పుస్తకాల్లో దొరికింది కాదు. ముప్ఫై ఏళ్ళకి పైగా చంద్రమతి వేసిన ఒక నటి చెప్పింది. పేరు రాయొద్దంది. అరవై దాటిన మనిషి. “పిన్నిగారూ, అన్నిసార్లు ఏడవడం కష్టంగా ఉండేది కాదా?” అని అడిగాను. నవ్వింది. “మొదటిసారి ఏడుపు దానంతటదే వచ్చేస్తాదమ్మా. వన్సుమోరన్నాక రెండోసారి ఏడవడమే విద్య. దానికే డబ్బులు” అంది. లోహితుడి వేషానికి ఆ ఊరి పిల్లాణ్ణే ఎవరినో ఇస్తారట. కాటి సీను వచ్చేసరికి తెల్లారుజాము అవుతుంది, వాడు ఒళ్ళో నిజంగానే నిద్రపోతాడు. “వాడు లేవకుండా పాడాలి, ఆఖరి వరసలో ముసలోళ్ళు లేచేలా పాడాలి” అందామె. ఇంతకంటే చక్కగా గాత్రధర్మం గురించి ఏ పండితుడూ చెప్పగా నేను వినలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పింది. పద్యం మధ్యలో చదివింపులుంటాయి. “ఫలానా వారు చంద్రమతి పాత్రధారిణికి నూట పదహార్లు” అని మైకులో వినిపిస్తుంది. ఆమె ఏడుపు ఆపి, శవాన్ని ఒళ్ళోంచి దించకుండానే, ఇచ్చినవారి వైపు తిరిగి దణ్ణం పెట్టాలి. పెట్టి, మళ్ళీ ఏడుపు అందుకోవాలి. ఒక్కోసారి ఇచ్చినాయన చేతికే ఇస్తానని వేదిక ఎక్కుతాడు. ఎక్కినవాడి చెయ్యి ఎక్కడికి పోతుందో చూసుకోవడం కూడా ఆమె నేర్చిన విద్యలో భాగమే. “మగ వేషగాళ్ళకి ఈ పాఠం అక్కర్లేదమ్మా” అంది.

ఇప్పుడు క్లెమెంటూ అబ్బాతె ఇద్దరూ చూడనిది కనిపిస్తుంది. కథ చంద్రమతిని అమ్ముతుంది, అది నిజం. గొంతు జనాన్ని లొంగదీస్తుంది, అదీ నిజం. కానీ ఈ రెండిటి మధ్యా ఒక ఒప్పందం ఉంది. ఎంతకి, ఎవరి షరతుల మీద, వద్దనే హక్కు ఎవరికి అన్న లెక్క అది. ఆ లెక్క వినేవాళ్ళకి కనపడకుండా ఉండడం మీదే మన రసానందం నిలబడి ఉంది.

మా ఊరు దెందులూరు. ఏలూరు నుంచి భీమడోలు వెళ్ళే దారిలో, కొల్లేటికి ఎగువన ఉంటుంది. కోతలయ్యాక నాటకాలాడించేవారు, శ్రీరామనవమి పందిట్లోనూ ఆడించేవారు. తర్వాత తర్వాత చేపల చెరువుల డబ్బు వచ్చాక పందిళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. మా అమ్మమ్మకి చంద్రమతి పద్యాలన్నీ నోటికి వచ్చు. మజ్జిగ చిలికేటప్పుడు పాడుకునేది, అదీ సన్నగా. తాతయ్య చెప్పుల చప్పుడు వినిపిస్తే పద్యం సగంలో ఆగేది. ఆవిడ గొంతు మంచిదని తెలిసినవాళ్ళం నేనూ మా అమ్మా తప్ప ఇంకెవరూ లేరు. భూమీ పరువూ ఉన్న ఇంట్లో ఆడవాళ్ళ గొంతు గడప లోపలే ఉండాలి. పాడడానికి వచ్చిన ఆడవాళ్ళకి గడప లోపలికి రానివ్వని మర్యాద. వాళ్ళకి భోజనం అరటాకులో, వాకిట్లో.

నన్ను అన్నిటికంటే కలతపెట్టేది ఈ పంపకమే. మర్యాద ఉన్నవాళ్ళకి గొంతు ఉండకూడదు. గొంతు ఉన్నవాళ్ళకి మర్యాద ఉండకూడదు. మా అమ్మమ్మా ఆ చంద్రమతి పాత్రధారిణీ ఒకే పద్యాన్ని ప్రేమించిన ఇద్దరు స్త్రీలు. ఒకరికి వేదిక లేదు, ఒకరికి వాకిలి దాటే వీలు లేదు. ఒకరి నష్టాన్ని చూపించి రెండోవారిని అదుపులో పెట్టారు. “పాటా పద్యం అంటూ తిరిగితే దానిలాగా అయిపోతావు” అనే బెదిరింపు పనిచెయ్యాలంటే ‘అది’ ఎప్పుడూ కిందనే ఉండాలి. కాబట్టి రంగస్థల నటి అగౌరవం ఆమె ఒక్కతె సమస్య కాదు. పరువుగల ఇళ్ళలో మూగబోయిన గొంతులకి కావలి కాసింది ఆ అగౌరవమే.

తర్వాత సినిమాలో నేపథ్యగానం వచ్చింది. గొంతు వేరు, శరీరం వేరు అయ్యాయి. కన్నాంబ తరంలో పాడినవారే నటించారు. 1940ల తర్వాత తెర మీద ఒకరు, తెర వెనక ఒకరు. దీనివల్ల మనకి గొప్ప గాయనులు దక్కారు. రావు బాలసరస్వతీదేవి, జిక్కి, పి.సుశీల, ఎస్.జానకి పాటలు లేకుండా మన జీవితాల్ని ఊహించుకోలేం. అయితే ఒకటి గమనించాలి. శరీరం కనపడకుండా పోయాకే స్త్రీ గొంతు గౌరవప్రదం అయింది. రేడియోలో వచ్చే సుశీల పాటని మా తాతయ్య కూడా అభ్యంతరం లేకుండా వినేవాడు. అంటే అభ్యంతరం గొంతు మీద కాదు. పాడుతున్న స్త్రీ ఎదురుగా నిలబడి, మన కళ్ళలోకి చూడడం మీద.

ఈ మధ్య ఒక సంఘటన ఇదే విషయాన్ని మళ్ళీ ముందుకు తెచ్చింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ నాటక ప్రదర్శనని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని అవమానిస్తోందని ఫిర్యాదు. ఒక సమూహం తన ఆత్మగౌరవం గురించి అడగడం తప్పు కాదు. కానీ ఆ నాటకాన్ని దాదాపు వందేళ్ళుగా నడిపింది చింతామణి పాత్ర. వయొలెట్టాకి చెల్లెలు వరస ఆవిడ. వేశ్యగా బతికి, పశ్చాత్తాపపడి, శుద్ధి పొందాలి, లేకపోతే మనకి కథ పూర్తికాదు. ఆ పాత్ర వేసినందుకు ఊరూరా ఈలలూ వెకిలి మాటలూ భరించిన నటీమణుల ఆత్మగౌరవం గురించి అన్నేళ్ళలో ఏ ప్రభుత్వం దగ్గరా అంత త్వరగా కదిలిన ఫైలు లేదు. అవమానం జరిగింది సుబ్బిశెట్టి ఒక్కడికే అన్నట్టు వాదన సాగింది.

నా వాదనకి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. “తన గొంతు తాను అమ్ముకోవడం స్వేచ్ఛ ఎలా అవుతుంది? బజారు బజారే కదా. హరిశ్చంద్రుడు అమ్మినా, కాంట్రాక్టరు మాట్లాడుకున్నా ఒకటే” అని. ఒకటే కాదు. చంద్రమతిని అమ్మినప్పుడు ధర హరిశ్చంద్రుడి అప్పుకి పోయింది, ఆమె సమ్మతి అతని సత్యంలో కలిసిపోయింది. అతని సత్యానికి వెల ఆమె కట్టింది, కీర్తి అతను పొందాడు. నాటకం ఆడే చంద్రమతి ధర ఆమె పిల్లల ఫీజుకి పోయింది. ఒకసారి ఒక ఊళ్ళో బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఇవ్వకపోతే ఆ పిన్నిగారు వేషం కట్టను పొమ్మందట. రెండు గంటలు ఆలస్యంగా గది వచ్చింది. ‘వెయ్యను’ అనగలిగిన ఆ రెండు గంటలే చంద్రమతికీ చంద్రమతి పాత్రధారిణికీ ఉన్న తేడా. ఆ తేడా చిన్నదే, ప్రతి ఊళ్ళోనూ మళ్ళీ గెలుచుకోవలసినదే. కానీ ద్రౌపది సభలో అడిగిన హక్కు అదే. తన మీద అధికారం ఎవరిదన్న ప్రశ్న.

అందుచేత వన్స్‌మోర్ అనకూడదని నేననను. గొప్పగా పాడినవారిని మళ్ళీ పాడమనడంలో ప్రేమ ఉంది. ఆ కేక కోసమే బతికానని ఆ పిన్నిగారే చెప్పింది. కాకపోతే మనం ఆ కేక ఎవరికి వేస్తున్నామో తెలిసి వెయ్యాలి. శోకం చంద్రమతిది, ఆమెకి మన కన్నీళ్ళు చాలు. పాట పాడుతున్న మనిషిది. ఆమెకి కన్నీళ్ళు అక్కర్లేదు. గోడపత్రిక మీద పాత్ర పేరు పక్కన ఆమె పేరు కావాలి, తలుపున్న గది కావాలి, మగ వేషగాళ్ళతో సమానంగా డబ్బు కావాలి, వేదిక మీదకి ఎవరూ ఎక్కకూడదనే నియమం కావాలి. రెండోసారి పాడించుకుంటే దానికి వేరే లెక్క కట్టాలి. అడిగితే ఆమె కూడా ఇదే చెప్పింది. “పద్యం నేను మళ్ళీ పాడతానమ్మా, నా ఊపిరి నేను ఇస్తాను. మళ్ళీ ఇవ్వాల్సింది వాళ్ళు కూడా మళ్ళీ ఇవ్వాలి కదా.”